చెవికి అందని మెట్ట

గవ్వలపేట ఒడ్డున ఉన్న తెల్లటి భవనాన్ని ఊళ్ళో వాళ్ళు 'తీగ మేడ' అంటారు. మేడ అనడం మర్యాద కొద్దీ అన్న మాటే. ఉన్నది ఒక్క అంతస్తు, దానికి పేరుకొక్క కిటికీ కూడా లేదు. భీమిలి దాటి బస్సులో పోయేవాళ్ళు దాన్ని ఐసు ఫ్యాక్టరీ అనుకుంటారు. కానీ ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా తొమ్మిది దేశాల విశ్వవిద్యాలయాలనూ పరిశోధనశాలలనూ ఒక చుట్టు చుట్టి కలిపే గాజు తీగ, మన వైపు సముద్రంలోంచి ఒడ్డెక్కేది అక్కడే. సినిమాలు, బేరాలు, ఎన్నికల తిట్లు ఆ తీగలో పోవు. చదువు ఒక్కటే పోతుంది. శ్రీకాకుళం కాలేజీ పిల్లలు తమ బెంచీల మీద కూర్చుని దక్షిణాఫ్రికా ఎడారిలోని దూరదర్శినిని తిప్పి చూస్తున్నారంటే అది దాని చలవే. విద్యావలయం అని దానికి పెద్ద పేరు. అందరూ వలయం అనే అంటారు.

వలయానికి ఒక వేగం ఉంది, ఒక నియమం ఉంది. ఆ వేగానికి తొమ్మిది దేశాల కంప్యూటర్లూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నట్టు కలిసి లెక్క చేస్తాయి. ఇక నియమం ఏమిటంటే, వలయం మీద ఎవరు ఏది కొలిచినా అది ఆ క్షణంలోనే లోకంలో అందరిదీ అవుతుంది. దాచుకోవడం లేదు. చదువుకి తాళమేమిటని అందరూ ఇష్టపడి రాసుకున్న నియమం అది. రాసుకున్నవాళ్ళలో మైలిపల్లి నూకరత్నం కూడా ఉంది.

నూకరత్నం తీగ మేడలో పెద్ద శాస్త్రవేత్త. ఊరికి కొత్త మనిషేం కాదు. మేడకి కూతవేటు దూరంలో ఉన్న వీధిలోనే పుట్టింది. తండ్రి గాలాలేసి చేపలు పట్టేవాడు. ఆయన పోయాక పడవ అన్న ఎల్లాజీకి వచ్చింది. చదువు నూకరత్నానికి వచ్చింది. పంపకం సరిగ్గానే జరిగిందని ఊరు అనుకుంది. నూకరత్నం కూడా పైకి అలాగే అనేది.

ఆమె కనిపెట్టిన దాని పేరు 'చెవి'. గాజు తీగలో వెలుతురు పోతుంటే అందులో ఒక పిసరు వెనక్కి తిరిగి వస్తుంది. పక్కన ఏదైనా చప్పుడైతే గాజు వణుకుతుంది, ఆ తిరిగొచ్చే వెలుతురు కూడా వణుకుతుంది. ఇంతవరకూ పాత సంగతే. అయితే పూర్వం తీగకి ఆనుకుని జరిగే చప్పుళ్ళే, అవి కూడా ఒడ్డుకి దగ్గర్లోవే వినపడేవి. నూకరత్నం ఆ వణుకుల లెక్కని వలయంలోని యంత్రాలన్నిటికీ పంచేసింది. ఒక్క విశ్వవిద్యాలయం కూర్చుని చేస్తే ఏడాది పట్టే లెక్క రెప్పపాటులో తేలిపోయింది. దాంతో తీగ పొడవునా, దానికి అటూ ఇటూ బోలెడు మైళ్ళ మేర, సముద్రం మాట్లాడటం మొదలుపెట్టింది.

మొదటిసారి చెవి పనిచేసిన ఉదయం ఆమె పక్కన డైరెక్టర్ కూర్మనాథం గారు ఉన్నారు. జేబులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు లేనిదే పెద్దాయన ఏ ప్రయోగానికీ రారు. తొక్కల చప్పుడు చెయ్యొద్దని ఆయనకి సైగ చేసి, నూకరత్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎక్కడో ఓడ యంత్రాల రొద. ఇంకెక్కడో తిమింగిలం మూలుగు. అంతలో ఒడ్డుకి దగ్గర్లో ఒక ఇంజను. మూడు దెబ్బలు కొట్టి ఒకటి మింగుతోంది. మళ్ళీ మూడు కొట్టి ఒకటి మింగుతోంది.

"అది మా అన్నయ్య పడవ!" అని చిన్నపిల్లలా కేక పెట్టింది. ఆ ఇంజను బాగుచేయించుకోమని వదిన దేముడమ్మ పోరని పూట లేదు.

పడవ పోయి పోయి ఒకచోట ఆగింది. ఆగిన చోట, నీళ్ళ అడుగున, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నటి చప్పుడు వినపడింది. రాళ్ళ సందుల్లో బతికే రొయ్యలు, చేపలు చేసే సందడి అది. నూకరత్నానికి ఒళ్ళు జలదరించింది. అదే మెట్ట. నాన్న మెట్ట.

మెట్ట అంటే సముద్రం అడుగున ఉండే రాతి గుట్ట. కోనేలు, చందువల్లాంటి మంచి చేపలు చుట్టూ చేరే చోటు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, అన్నీ నీళ్ళే. ఒడ్డున ఉన్న రెండు కొండల్ని ఒకదాని మీదికొకటి వచ్చేలా చూసుకుంటూ, ఆ గీత మీదే పడవ నడిపి, చోటు పట్టుకుంటారు. ఏ కొండ ముక్కు ఏ కొండ మీదికి రావాలో ఆ ఇంటి మగవాళ్ళకే తెలుసు. తండ్రి కొడుక్కి చెబుతాడు, అది కూడా నడిసముద్రంలో చెబుతాడు. ఆడపిల్లకి చెప్పరు. మరో ఇంటికి పోయేదానితో మెట్ట కూడా మరో ఇంటికి పోతుందని భయం. నూకరత్నం చిన్నప్పుడు ఒకసారి నాన్న మెడ పట్టుకుని వేలాడి అడిగింది. "నీకెందుకే గుంటా, రేపు మీ అత్తోరికి సెప్పీడానికా?" అని ఆయన నవ్వేశాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ నవ్వు మాత్రం పట్టాలన్నీ పుచ్చుకున్నాక కూడా ఆమెకి గుచ్చుకుంటూనే ఉంది.

నాన్న చెప్పనిది గాజు చెప్పింది. ఆ సంతోషంలో ఆమె చేసిన పని, తెలివైనవాళ్ళు మాత్రమే చేసే తెలివితక్కువ పని.

వలయం సభలో చెవికి ప్రారంభోత్సవం జరిగింది. తొమ్మిది దేశాల వాళ్ళూ తెరల మీద కొలువు తీరారు. "మన ఊరి ముక్క ఏదైనా వినిపించమ్మా" అన్నారు కూర్మనాథం గారు. నూకరత్నం తిమింగిలాన్ని వినిపించవచ్చు, ఓడని వినిపించవచ్చు. ఎల్లాజీ పడవని వినిపించింది. మూడు కొట్టి ఒకటి మింగే ఇంజనుని, అది ఆగిన చోటుని, అక్కడి చిటపటల్ని వినిపించి, పటం మీద వెలిగే చుక్కని చూపించింది. "మా నాన్నగారు జీవితమంతా చేపలు పట్టింది ఇక్కడే. ఈ చోటు నాకు ఈ నెలలోనే తెలిసింది" అంది.  అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

ఆఫ్రికా తీరంలోని మొంబాసా నుంచి తెర మీదికొచ్చిన మ్వనాయిషా అనే శాస్త్రవేత్త మాత్రం చప్పట్లయ్యాక ఒక ప్రశ్న వేసింది. "మీ అన్నగారికి తెలుసా?"

"ఇవాళ ఇంటికెళ్ళి చెబుతాను" అని నూకరత్నం నవ్వింది. వెళ్ళింది గానీ చెప్పలేదు. చెబితే ఏమంటాడో లోపల ఆమెకి తెలుసు కాబోలు.

కొన్నాళ్ళు అంతా బాగానే సాగింది. బాగానే ఏమిటి, చెవి పుణ్యమా అని మంచే జరిగింది. ఆఫ్రికా వైపు సముద్రగర్భంలో ఒక గుట్ట జారిపడితే చెవి ముందుగా విన్నది. అల వచ్చేలోపే మ్వనాయిషా ఊరి జనం పిల్లా పాపలతో గుట్టలెక్కేశారు. ఇక్కడ గవ్వలపేటలో దేముడమ్మకి అదొక అలవాటైంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఫోన్ చేసేది. "ఒలే రత్నం, మీ అన్న ఇంజను ఇనపడతందేటి?" "ఇనపడతంది వదినా, దగ్గుతోనే వస్తోంది." "దగ్గనీ, దగ్గనీ. దగ్గినంతసేపూ బతికున్నట్టేగదా." ఒకసారి ఇంజను నడిమధ్యలో ఆగిపోతే నూకరత్నమే కనిపెట్టి వేరే పడవని పంపించింది. ఎవరు చెప్పారో ఎల్లాజీకి తెలియదు. గంగమ్మ తల్లి దయ అనుకున్నాడు.

వేసవిలో వేట నిషేధం వచ్చింది, పోయింది. మళ్ళీ పడవలు నీళ్ళలోకి దిగాక ఒక ఆదివారం నూకరత్నం అన్న ఇంటికి వెళ్ళింది. వదిన పలకరించలేదు, పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఎల్లాజీ అరుగు మీద గాలాలు ముందేసుకుని కూర్చున్నాడు గానీ చేతులు ఆడటం లేదు.

"దానయ్య బావేడీ?" అని అడిగింది. దానయ్య దేముడమ్మ తమ్ముడు. ఎల్లాజీ పడవలో రెండో మనిషి. ఆదివారం వాళ్ళింట్లో అతను లేకుండా అన్నం పెట్టడమే ఉండదు.

"ఆడి పేరెత్తకు."

"ఏటైంది అన్నా?"

"మెట్ట అమ్మీసినాడు. మొన్న ఎల్లీసరికి నాలుగు పెద్ద బోట్లు మీద పడి దున్నేస్తన్నాయి. ఇనప గొలుసుల వలలు. రాయి మీద పాచి కూడా మిగల్నేదు. నాకు, ఆడికి తప్ప మూడోవోడికి తెల్దు. నాను సెప్పనేదు. మరెవుడు సెప్పినట్టు?"

లోపల్నుంచి దేముడమ్మ గిన్నె ఎత్తి కింద పెట్టిన చప్పుడు వీధి చివరికి వినపడి ఉంటుంది. "నా తమ్ముడు తిన్నింటి వాసాలు లెక్కెట్టీవోడు కాడు. రేవులో ఐసు గంపలు మోస్తన్నాడు, సూసొచ్చినాను. భుజం ఒరిసిపోనాది. ఆడు నా మొకం సూసి 'అక్కా, నువ్వు కూడా నమ్మేవేటి' అన్నాడు. ఏటి సెప్పమంటావు?"

నూకరత్నం అన్నం తినకుండానే లేచి వచ్చేసింది. దారిలో ఇసక కాళ్ళని పట్టి లాగుతున్నట్టుంది.

తీగ మేడకొచ్చి వెతికింది. వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏదో చలిదేశంలో, ఈ సముద్రం మొహం ఎన్నడూ చూడని విద్యార్థులు కొందరు చెవి విన్న చిటపటలన్నీ పోగుచేసి 'చేపల ఇళ్ళు' అని ఒక పటం గీశారు. పాపం, చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. చేపల ఇళ్ళెక్కడున్నాయో తెలిస్తే వాటిని కాపాడుకోవచ్చని గీశారట. దాన్ని ఇంకెవరో ఫోన్లో పెట్టుకునేలా చేసి పెద్ద బోట్ల వాళ్ళ చేతుల్లో పెట్టారు. పటం అడుగున ఆ పిల్లలు ఎంతో మర్యాదగా ఒక వాక్యం రాశారు: మాకు దారి చూపిన గవ్వలపేట చెవికి, తన తండ్రి చోటుని మొదటి ఉదాహరణగా ఇచ్చిన డాక్టర్ నూకరత్నానికి కృతజ్ఞతలు.

 కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తొమ్మిది దేశాల ముందు నోరు జారింది తను. ఐసు మోస్తున్నది దానయ్య.

ఆ సాయంత్రమే మళ్ళీ అన్న ఇంటికెళ్ళింది. అరుగు మీద అతని ఎదురుగా కూర్చుంది.

"అన్నా, దానయ్య బావ కాదు. నేను."

చెప్పింది. గాజు సంగతి, చెవి సంగతి, పటం సంగతి, చప్పట్ల సంగతి. మధ్యలో ఎల్లాజీ ఒక్కసారే ఆపాడు.

"నా ఇంజను ఇన్నావా నువ్వు?"

"ఇన్నాను."

"రోజూ?"

"రోజూ."

 కోపగించుకుంటాడనుకుంది, కొట్టినా పడదామనుకుంది. అతను మెల్లగా అన్నాడు. "అయ్య నీకు సెప్పనేదని ఇలాగ కసి తీర్సుకున్నావేటి?"

  అందులో కొంత నిజమే ఉంది. చప్పట్లు మోగిన క్షణంలో, పోయిన తండ్రితో ఆమె మనసులో అన్న మాట అదే: చూశావా నాన్నా, తెలుసుకున్నాను. ఆ సంగతి అన్న ముందు ఒప్పుకుని ఏడ్చింది. ఎల్లాజీ ఓదార్చలేదు. తువ్వాలు భుజాన వేసుకుని లేచి, దానయ్య ఇంటి వైపు నడిచాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు గానీ, దానయ్య ఆ పూట అక్క ఇంట్లోనే అన్నం తిన్నాడు.

అయితే పడవ మాత్రం ఇసక మీదే ఉండిపోయింది. దానికి కారణం దేముడమ్మ తీగ మేడ గేటు దాకా వచ్చి చెప్పింది. మామగారు పోయేముందు కొడుక్కి ఇంకో మెట్ట కూడా చెప్పి పోయాడట. కలిసిరాని ఏడు వస్తే ఆదుకోవడానికి దాచిన మెట్ట. దాని సంగతి దానయ్యకి కూడా తెలియదు. "ఇప్పుడు దానికాడికెల్దామంటే మీ అన్న కదలడు. మీ గాజుకి సెవులున్నాయిగా! ఎల్తే దీన్నీ ఇనిపించీసినట్టే అంటాడు. ఎల్లకపోతే ఏటి తింటాం? నెలయ్యింది రత్నం. పడవ అమ్మీసి రేవులో కూలికెల్దామా అని కూడా అన్నాడు. నీకు సెప్పొద్దన్నాడు గానీ సెప్తన్నాను."

అంతకంటే పెద్ద భయం నూకరత్నానికి ఉంది, అది వదినకి చెప్పలేదు. ఎల్లాజీ వెళ్ళకపోయినా ఆ మెట్ట దాగదు. అక్కడి చేపలు, రొయ్యలు చిటపటలాడుతూనే ఉంటాయి. తీగకి కొంచెం ఎడంగా ఉండి ఉంటుంది, అందుకే ఇంకా పటంలోకి ఎక్కలేదు, అంతే. వలయంలోకి కొత్త విశ్వవిద్యాలయం చేరినప్పుడల్లా చెవి మరికొంత పదునెక్కుతోంది. ఇవాళ కాకపోతే రేపు ఆ పిల్లలు మంచి మనసుతో దానికి కూడా ఒక చుక్క పెట్టేస్తారు.

ఆమె వలయం సభని పిలిచింది. తెరలన్నీ వెలిగాయి.

"ఒడ్డు దగ్గరే ఒక జల్లెడ పెడతాను" అంది. "కొన్ని చిన్న చిన్న చోట్ల చెవి విన్నదాన్ని బయటికి పోనివ్వకుండా ఆపేస్తాను."

"ఆపిన చోట పటంలో చిల్లు కనపడుతుంది" అన్నారొకరు. "చిల్లు ఎక్కడుంటే రహస్యం అక్కడున్నట్టే కదా?"

"చిల్లు ఉంచను. పక్క నీళ్ళ చప్పుడు తీసుకొచ్చి అక్కడ అతుకు వేస్తాను. చిరిగిన వలని మళ్ళీ అల్లినట్టు."

కూర్మనాథం గారు వేరుశనక్కాయలు బల్ల మీద పెట్టేశారు. ఆయన్ని అలా ఎవరూ చూడలేదు. "అమ్మా, మనం కొలిచిన దాంట్లో మనమే అబద్ధం కలుపుతామా? నలభై ఏళ్ళు పిల్లలకి నేను చెప్పిందేమిటి మరి?"

"అబద్ధమేనండీ" అంది నూకరత్నం. "అతుకులున్నాయని అందరికీ చెబుదాం. ఎక్కడున్నాయో మాత్రం చెప్పొద్దు. భూమి కదిలిన చప్పుడు ఎప్పటిలాగే పోతుంది, అల హెచ్చరిక ఆగదు. ఆ చోట్ల నుంచి తక్కినవేవీ బయటికి పోవు. ఆ చోటు ఎవరిదో వాళ్ళు నోటితో వచ్చి అడిగితేనే అతుకు వేస్తాను. వాళ్ళ పడవ చప్పుడు కూడా రేవు దాటాక చెరిపేస్తాను."

సభ చాలాసేపు గొణిగింది. అప్పుడు మ్వనాయిషా మాట్లాడింది. "మా మేనమామలకి పగడపు దిబ్బ ఒకటుంది. నేను వలయంలో చేరిన ఏడాదే, దాన్ని లోకానికి చెప్పేస్తానని వాళ్ళు నాతో మాటలు మానేశారు. ఎందుకో మీలో ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. నూకరత్నం అడిగింది ఇవ్వండి. నాకు కూడా ఇవ్వండి."

ఇచ్చారు. కూర్మనాథం గారు మాత్రం ఓటు వెయ్యకుండా లేచి వెళ్ళిపోయారు. తరవాత వారం దాకా ఆయన నూకరత్నానికి వేరుశనక్కాయలు పెట్టలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. జల్లెడకి చోటు కావాలి. చెవితో వెతికి పట్టుకుందామా అంటే, వెతకడమంటే తొమ్మిది దేశాల యంత్రాల చేత వెతికించడమే. దాచబోయే దాన్ని అందరి చేతా తవ్వించినట్టవుతుంది. ఎల్లాజీ నోట్లోంచి రావాల్సిందే. ఆ ఇంటి ఆడపిల్లకి, అదీ ఒక మెట్టని ఊరూరా చాటిన ఆడపిల్లకి అతను చెప్పాలి. నూకరత్నం ఒకసారి వెళ్ళి సంగతంతా చెప్పి, "నీ ఇష్టం అన్నా" అని వచ్చేసింది. రెండోసారి అడిగే మొహం ఆమెకి లేదు.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం తీగ మేడ గేటు దగ్గర ఎల్లాజీ, దానయ్య నిలబడి ఉన్నారు. కాపలావాడు లోపలికి రమ్మన్నా రామన్నారు. నూకరత్నమే బయటికొచ్చింది.

"నీ పోను మీ వదినకిచ్చీసి రా" అన్నాడు ఎల్లాజీ. "పడవెక్కుదువుగాని."

ఆమెకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. గవ్వలపేటలో ఆడవాళ్ళు పడవెక్కరు. పడవ ఒడ్డుకొచ్చాక చేపలు వాళ్ళవి, అంతవరకూ కాదు. "ఊరు ఏటంటుందో అన్నా?"

"ఊరా? ఊరు నాకు మెట్ట తెచ్చి పెట్టిందేటి?"

"ఎక్కు రత్నం" అన్నాడు దానయ్య. "గంగమ్మ కూడా ఆడదేగదా. ఏటీ అనదులే."

నూకరత్నం లోపలికెళ్ళి, దారిలో ఎవరూ వినకుండా ఆ ఇంజను చప్పుడుని ముందుగానే జల్లెడ చేత చెరిపించి వచ్చింది. ఒడ్డున దేముడమ్మ ఆమె ఫోన్‌ని పైట కొంగులో ముడేసుకుంది. పడవ నీళ్ళలోకి జారింది. మూడు కొట్టి ఒకటి మింగుతూ ఇంజను కదిలింది. ఇన్నాళ్ళూ హెడ్‌ఫోన్లలో విన్న చప్పుడు ఇప్పుడు కాళ్ళ కింద నుంచి ఒళ్ళంతా పాకుతుంటే నూకరత్నానికి నవ్వొచ్చింది. ఆ వెంటనే వాంతి కూడా వచ్చింది. దానయ్య ఆమె నోట్లో ఉప్పు రాసిన ఉసిరికాయ ముక్క పెట్టాడు. సముద్రం మీద అంతంత పరిశోధనలు చేసిన మనిషి సముద్రం మీదికి రావడం అదే మొదలు.

చాలా దూరం పోయాక ఎల్లాజీ ఇంజను నెమ్మది చేశాడు. చెయ్యగానే దానయ్య, ఎవరూ చెప్పకుండానే, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చుని తల మీదినుంచి తువ్వాలు కప్పేసుకున్నాడు. కొండలు తన కంట పడకూడదని. తనని దొంగ అన్నవాడి పడవలోనే కూర్చుని ఆ మనిషి అలా తల కప్పుకోవడం ఎల్లాజీ చూశాడు. ఇంజను చూడటానికి వంగినట్టు వంగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇటు సూడు" అని చెల్లెలి భుజాలు పట్టుకుని తిప్పాడు. వినపడీ వినపడనట్టు చెప్పాడు. ఏ కొండ ముక్కు, ఏ కొండ నడుం మీదికి. అది కుదిరాక ఇంకోవైపు ఏది, దేని వెనక దాక్కోవాలి. ఆ కొండల పేర్లు మనకెందుకు. రెండు గీతలూ కలిసిన చోట పడవ ఆగింది. కింద నీళ్ళు అన్ని నీళ్ళలాగే ఉన్నాయి.

"తెలిసిందా?"

"తెలిసింది."

"మల్లీ సెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది. తప్పు పోలేదు.

"అయ్య నాకు సెప్పినప్పుడు కూడా ఇలాగే తిరిగి సెప్పించుకున్నాడు" అన్నాడు ఎల్లాజీ. "అయ్యే నీకు సెప్పినాడనుకో."

నూకరత్నం ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ అలక ఒక్కసారిగా కరిగిపోయింది. తువ్వాలు కింది నుంచి దానయ్య, "ఇంకా ఎంతసేపు బావా? ఊపిరాడ్డంనేదు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

తీగ మేడకి తిరిగొచ్చి ఆమె జల్లెడ ముందు ఒంటరిగా కూర్చుంది. కాగితం మీద పెట్టలేదు, పైకి అనలేదు. యంత్రానికి చోటు చూపించింది, అతుకు వేసింది. పటం మీద అక్కడ ఇప్పుడు మామూలు సముద్రం ఘోషిస్తోంది. తను జీవితంలో మొదటిసారి పరిశోధనలో చేర్చిన అబద్ధం అది. చాలా బాగా అతికింది.

మరుసటి రోజు ఎల్లాజీ, దానయ్య వేటకి వెళ్ళారు. నూకరత్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మూడు కొట్టి ఒకటి మింగుతూ ఇంజను రేవు దాటింది. ఇంకో రెండు దగ్గులు దగ్గింది. ఆపైన ఏమీ లేదు, అలల చప్పుడే. పక్కనున్న కుర్ర ఇంజనీరు కంగారుగా "మేడమ్, తీగ తెగిందా?" అన్నాడు. "లేదు బాబూ, సరిగ్గా ఉంది" అని చెప్పి హెడ్‌ఫోన్లు తీసేసింది.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. పెద్ద గాలేం కాదు, కానీ తిరిగింది. చిన్న పడవలన్నీ ఒకటొకటిగా ఒడ్డు చేరాయి. ఎల్లాజీ పడవ రాలేదు. ఫోన్ మోగింది.

"రత్నం, ఇంజను ఇనపడతందేటి?"

"లేదు వదినా. ఇక వినపడదు. అలా చేసేశాను కదా."

దేముడమ్మ ఫోన్ పెట్టేసింది. నూకరత్నం గదిలో అటూ ఇటూ తిరిగింది. జల్లెడ తీసేస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది. తెలిసిన ఆ క్షణంలోనే తొమ్మిది దేశాలకీ తెలుస్తుంది. ఆ యంత్రం దగ్గర ఇంకాసేపు ఉంటే చెయ్యి ఊరుకోదనిపించి, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది.

ఒడ్డున ఇసక మీద దేముడమ్మ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నూకరత్నాన్ని చూసి కాస్త జరిగి చోటిచ్చింది.  అలల మీద తెల్ల నురగలు లేస్తున్నాయి. ఎటు చూసినా నీళ్ళే. దేముడమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి కళ్ళు తిప్పి తిప్పి అలిసిపోయింది.

"నిన్ను తీసుకెల్లినాడుగా. నీకు తెలుసుగదే" అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. "నానెవురికి సెప్తాను? ఎక్కడని అడగనులే. ఏ పక్కనుంచొస్తారో, ఏ పక్కకి సూడాలో అదొక్కటీ సెప్పు."

వదిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ ఇంటికొచ్చి పాతికేళ్ళు అన్నం వండి పెట్టిన మనిషి. నూకరత్నం ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. సముద్రమంతా చూసింది. ఆ ఒక్క వైపు మాత్రం చూడలేదు.

"తెల్దొదినా" అంది.